ఛార్జింగు కేబులు కోసినవారి సంగతి

నగరపాలక సంస్థ విద్యుత్ విభాగపు అధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా దుకాణము ఎదుట బ్యాటరీ బండ్ల ఛార్జింగు పెట్టెకు గల కేబులు కోయబడుట, ఆ నింద నా నెత్తిన పడుట గురించి.

మార్కెట్టు వెనక వీధిలో స్కూటర్లు బాగుచేసుకొని బ్రతుకు నేను తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. ఇంత పొడవు వీధిలో ఛార్జింగు పెట్టె సరిగ్గా నా దుకాణము ఎదుటనే ఎందుకు పెట్టవలసి వచ్చినదో నేటికీ నాకు బోధపడలేదు. ఖాళీ స్థలమున్నదని తమ సిబ్బంది చెప్పిరి. ఖాళీ స్థలము సందు చివర కూడా ఉన్నది. ఊరి బయట బ్యాటరీ స్కూటర్ల ఫ్యాక్టరీ తెరిచిన నాటి నుండి నా దగ్గరకు ఆయిలు మార్పించువారు తగ్గిరి, కార్బురేటరు శుభ్రము చేయించువారు అసలే లేరు. ఇదివరకు బండి మలుపు తిరుగుచుండగానే దాని దగ్గు విని ఎవరి బండో చెప్పెడివాడను. ఇప్పుడివి పిల్లి వలె వచ్చి పిల్లి వలె పోవుచున్నవి. చప్పుడు చేయని వస్తువును నేను నమ్మను.

2. ఆ బండ్ల మరమ్మతు నేర్పు ఉచిత శిక్షణకు నేనును దరఖాస్తు పెట్టుకొంటిని. ముప్పై అయిదేండ్లు దాటినవని తిప్పి పంపిరి. అక్కడ పాఠము చెప్పు మాస్టారి తల ముగ్గుబుట్టయై యున్నది. ఇందులో ఏదో మతలబు ఉన్నదని నా అనుమానము.

3. కేబులు పోయిన మరునాడు తమ ఇంజనీరు గారు వచ్చి, నా స్టూలు మీదనే కూర్చుండి, నన్నే నిలదీసిరి.

"రోజూ ఎదురుగా కూర్చునేది నువ్వే. నీకు తెలీకుండా ఎవడు కోస్తాడయ్యా?"

"ఎదురుగా ఉన్నవాడల్లా దొంగైతే సార్, మీ ఆఫీసు ఎదురుగా బ్యాంకు ఉంది" అంటిని. ఆ మాట అనకుండవలసినది. పనిముట్లన్నియు మూట గట్టి పట్టుకొనిపోయిరి.

4. అందుచేత నేను స్వయముగా విచారణ మొదలుపెట్టితిని. పాత ఇనుము కొనువాడు రాగి మీద ఆశ పడి యుండవచ్చును. ఎదుటి షోరూమువాడు ఇంటి ఛార్జర్లు అమ్ముకొనుటకు చేయించి యుండవచ్చును. అందరికంటె ఎక్కువగా ఆ పెట్టె కాపలావానిని అనుమానించి, వాడు పాత ఇనుమువానితో కలిసి టీ త్రాగుట కళ్ళారా చూచితినని ఇంజనీరు గారికి చెప్పితిని. మరునాడే వానిని పనిలోనుండి తీసివేసిరి.

5. పనిముట్లు మూట గట్టినప్పుడు నా ఇనుము కోసెడి రంపము కనబడలేదు. తరువాత అది మా వంటింటి గూటిలో, పప్పు డబ్బా వెనుక దొరికినది. దానిపై నా భార్యను కూడా

(ఈ అంశమును వదిలివేయుచున్నాను. దయచేసి చదవవద్దు.)

6. నిన్న మధ్యాహ్నము కాపలావాడు నా దుకాణమునకు వచ్చెను. తిట్టునేమో అని, అరువు తెచ్చుకొన్న స్పానరు చేత పట్టుకొంటిని. తిట్టలేదు. గుమ్మము బయటనే నిలబడి, "అన్నా, టీ తాగానన్నా, అది నిజమే. కేబులు మాత్రం నేను తియ్యలేదు. నువ్వొక్క మాట చెబితే మళ్ళీ పనిలోకి పిలుస్తారన్నా" అనెను. స్పానరును ఎక్కడ పెట్టవలెనో తోచలేదు.

7. కావున పై అనుమానములన్నియు ఉపసంహరించుకొనుచు, కేబులు కోసినది నేనే అని ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను. వాన కురిసిన సాయంత్రము, వీధిలో కరెంటు పోయినప్పుడు కోసితిని. ఎందుకని అడుగవద్దు. శిక్ష ఏదైనను నాకు విధించి, కాపలావానిని తిరిగి పనిలో పెట్టుకొనగలరు. ఇందులో మా ఇంటివారెవరికిని సంబంధము లేదు.

నా మాటలను కాక నా మనవిలోని అవసరమును చూచి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
స్కూటరు మెకానిక్కు

తా.క.: ఇది మా అమ్మ చెబుతుంటే, ఆయన భార్యనైన నేను రాస్తున్నాను.

బాబూ, నేను ఆయన అత్తని. ఆ ఏడో ముక్క అబద్ధం. ఆ వాన సాయంత్రం మా అల్లుడుగారు పన్ను పీకించుకుని, దవడ పట్టుకుని మంచమెక్కారు. కావాలంటే పళ్ళ డాక్టర్ని అడగండి. కోసింది నేను.

అన్నానికి కూర్చున్నప్పుడల్లా మా అమ్మాయితో అనేవారు, "ఆ పెట్టె మన పొయ్యిలో నీళ్ళు పోస్తుందే" అని. నేను ఆ పక్క గదిలోనే పడుకుంటాను. ఎన్నాళ్ళని వింటాను? కరెంటు పోయింది, కాపలా అబ్బాయి వానకి ఎటో తలదాచుకున్నాడు, వీధిలో పురుగు లేదు. రంపం పట్టుకెళ్ళాను. గొడుగు ఒక చేత్తో, రంపం ఒక చేత్తో. ఆ తాడు తెగితే పెట్టె చచ్చిపోతుందనుకున్నాను. మర్నాడే కొత్తది తగిలించారు! అంత తేలిగ్గా తగిలించేదని తెలిస్తే భుజాలు పడిపోయేలా కొయ్యకపోదును.

మొన్న రంపం దొరికాక అల్లుడుగారు నా మంచం కిందకి వంగి చూశారు. కేబులు మీద దుప్పటి తీశారు. మళ్ళీ కప్పేసి వెళ్ళిపోయారు. పెళ్ళయిన నాటినుంచీ ఆయన నన్ను అనుమానించని రోజు లేదు బాబూ. పాలు తక్కువైతే నేనే, చిల్లర కనబడకపోతే నేనే. తీరా అనుమానించాల్సిన రోజున నోరెత్తలేదు. ఇంత రాసి తన మీద వేసుకున్నారు. ఇది పోస్టులో వెయ్యమని మా అమ్మాయి చేతికిచ్చారు కాబట్టి సరిపోయింది.

ముందు ఆ కాపలా అబ్బాయిని పనిలోకి పిలవండి. నా సంగతి తర్వాత.

ఈ కాగితం నేనే తెచ్చాను. కేబులు కూడా తెచ్చాను, సంచీలో ఉంది. మీ గది బయట బల్ల మీద కూర్చున్నాను. మోకాళ్ళ నొప్పులు, పిలిచాక లేవడానికి కాస్త ఆలస్యమవుతుంది. రాలేదనుకుని తలుపు వేసెయ్యకండి.