సరస్సులో పడిన ఊరగాయ రాయి

పట్టణ కార్యాలయం అధికారి గారికి,

చేతిరాత పక్కింటి సవాయెది, మాటలు నావి. ఉత్తరంలో ముందు వాతావరణం గురించి రాయడం మర్యాదట. ఎండలు మండుతున్నాయి.

ఒడ్డు నుంచి బివా సరస్సులోకి చొచ్చుకుని ఉన్న మా చెక్కబల్ల షికారు పడవలకు అడ్డమని, పీకేయమని నోటీసు పంపారు. దాని మీద కూర్చుని మా అత్తగారు బియ్యం కడిగారు. నేను అరవై ఏళ్లుగా కడుగుతున్నాను.

మొన్న ఆదివారం ఒక మోటారు పడవ బల్లను రాసుకుంటూ పోయింది. "ఏం అవ్వా, ఇంట్లో కుళాయి లేదా?" అన్నాడు నడిపేవాడు. "నీ ఇంట్లో నీళ్లతొట్టి లేదా నాయనా, ఆడుకోడానికి ఇక్కడిదాకా వచ్చావు?" అన్నాను. వాడు నవ్వి, పడవ తిప్పి, ఇంకా జోరుగా వచ్చాడు. ఆ అలకు నా పక్కన దోసకాయలు కడుగుతున్న మా ఆడపడుచు కినుయె నీళ్లలో పడింది. తుంటి విరిగింది.

అప్పుడు విసిరాను రాయి. పడవ అద్దం పగిలింది. కాదనను.

పడవవాడికి క్షమాపణ చెప్పమన్నారు, చెబుతాను. కానీ అది మా అత్తగారి నాటి నుంచి ఊరగాయ పీపా మీద బరువుగా పెట్టే రాయి. కడుగుదామని తెచ్చాను, అద్దానికి తగిలి జారి ఇప్పుడు నీటి అడుగున ఉంది. బరువు లేక పీపాలో కాయలు పైకి తేలుతున్నాయి. వాణ్ణి దిగి వెతకమనండి. దొరికాక దాన్ని మోసుకుంటూ కినుయె మంచం దగ్గరికి రమ్మనండి. ఆమె ముందు వాడు తల వంచాక, వాడి ముందు నేను వంచుతాను.

బల్ల పీకడానికి మనుషుల్ని పంపేటట్లయితే పొద్దున్నే ఐదింటికి పంపండి. అప్పుడు నేను దాని మీదే ఉంటాను.

కింద వేలిముద్ర నాది.