ఉప్పుచేప చేతిలో గద

విజయవాడ, వన్ టౌన్
12-11-2025, బుధవారం

ఉయ్యూరులో ఉన్న నా చిన్ననాటి మిత్రుడు, మహా మొండిఘటం శౌరయ్యకు,

షేక్ అలీ సలాం చేసి రాయునది. ఇక్కడ మేమిద్దరం కులాసా. సయీదాకి మోకాళ్లు, నాకు నోరు, ఎప్పట్లాగే ఇబ్బంది పెడుతున్నాయి. అక్కడ నువ్వూ, చెల్లెమ్మా క్షేమమని తలుస్తాను. నిరుడు పక్షవాతంతో పడిపోయిన ఆమె కుడిచెయ్యి ఇప్పుడెలా ఉందో సయీదా అడగమంది. మీ ప్రభువు మిమ్మల్నిద్దరినీ చల్లగా చూడాలి. నీ తలకాయని మాత్రం కొలిమిలో పెట్టి కాస్త వంచాలి.

ఈ రోజుల్లో ఉత్తరమేమిట్రా అనుకుంటావు. నా నంబరు నువ్వు బ్లాక్ చేశావు. పోస్టుమ్యాన్‌ని బ్లాక్ చేసే బటన్ ఇంకా రాలేదు.

ఇక విషయం. మనం ఫోన్లలో ఆడుకునే కోటముట్టడి ఆట ఉంది చూడు, ఆదివారం పోటీల్లో అందులో గద పట్టకూడదని నువ్వు మన గ్రూపులో పెట్టిన తీర్మానం చదివాను. చల్లపల్లి పంతులమ్మ భానుశ్రీ గారు, మన గ్రూపు పెద్ద కాబట్టి, శనివారం సాయంత్రం ఓటింగ్ అన్నారు. ఓటున్న ఇరవైమూడు మందిలో సగం మంది నీ వెనకే ఉంటారు. నీ వాదన గట్టిదని కాదు, నీ గొంతు గట్టిది. ఆ భయంతోనే రాస్తున్నాను. భయమంటే బతిమాలతానని కాదు సుమా. పోట్లాడటానికే రాస్తున్నాను.

ముందు నీ మాటలు నీకే చెబుతాను, తర్వాత మార్చాననకుండా. జంట కత్తులు తిప్పాలంటే ఎడమ బొటనవేలితో నడవాలి, కుడి బొటనవేలితో నాలుగు మీటలు వరస తప్పకుండా నొక్కాలి, అది పట్టుబడటానికి నీకు ఐదు నెలలు పట్టింది. గదకైతే ఒక్క వేలు చాలు. అదే ఎదటివాడి వైపు తిరుగుతుంది, నొక్కితే దిగుతుంది. కష్టపడనివాడికి గెలుపెందుకు అన్నావు. అక్కడితో ఆగినా బాగుండేది. వేలున్న కోతికిచ్చినా గదతో గెలుస్తుంది, ఆ ఉప్పుచేప అలాంటి కోతే అని అందరి ముందూ రాశావు.

ఉప్పుచేప అనే పేరు పెట్టుకుని గద పట్టే ఆ మనిషెవరో గ్రూపులో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. ఎవరో ఇక్కడ చెప్పను. ఒక్కటి మాత్రం విను. నీకూ నాకూ గద పోతే కత్తులున్నాయి, ఈటె ఉంది. ఉప్పుచేపకి గద తప్ప ఇంకోటి లేదు. గద పోయిందంటే ఆట మానుకోవడమే.

పోనీ, నువ్వన్నట్టు గద అన్యాయమైన ఆయుధమేనేమో అని నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నాను. గదకీ వేరే ఆయుధానికీ మధ్య జరిగిన ఆటలు నలభై చూశాను. గద పట్టినవాళ్లు గెలిచినవి పందొమ్మిది. అంటే సగం కూడా లేదు. ఆ పందొమ్మిదిలో పదకొండు ఉప్పుచేప నీ మీద గెలిచినవే. మంగళగిరి హర్షవర్ధన్ మీద అదే ఉప్పుచేప ఒక్కటంటే ఒక్కటి గెలవలేదు. ఎందుకంటావు? గద పైకి లేచాక కిందపడటానికి ఒకటి, రెండు అనేంత టైము పడుతుంది. ఆ టైములో హర్షవర్ధన్ కుడివైపుకి దొర్లుతాడు. గద నేలకి తగులుతుంది, అతగాడు వెనక నుంచి నాలుగు పోట్లు పొడుస్తాడు. నువ్వు దొర్లవు. నువ్వు పుట్టాక ఎప్పుడూ పక్కకి తప్పుకోలేదు. గ్రూపులో, దొర్లడం నేర్చుకోరా శౌరీ అన్నందుకే కదా నన్ను బ్లాక్ చేశావు?

పట్టడానికి తేలికైనదల్లా కొట్టడానికి బలమైనదని ఎవరు చెప్పారు నీకు? మోటారు కుట్టు మిషన్లు కొత్తగా వచ్చినప్పుడు మా వీధి పెద్ద టైలరు గారు, కాలితో తొక్కనిది కుట్టే కాదన్నారు. మోటార్లు బిగిస్తున్నానని మూడేళ్లు నా దుకాణం మెట్టెక్కలేదు. నాలుగో ఏడు మోకాలు పట్టేసింది. ఓ మధ్యాహ్నం దొడ్డిదారిన వచ్చి, ఎవరితో అనకు అలీ, ఓ చిన్న మోటారు పెట్టు అన్నారు. ఆ తర్వాత ఆయన కుట్టిన చొక్కాల కాలర్లు వంగిపోయాయా? లేదు. ఆయన గర్వం కూడా వంగలేదనుకో. పోయేదాకా మోటారు మీద తువ్వాలు కప్పి కుట్టారు, ఆ చప్పుడు వీధి చివరికి వినపడుతున్నా సరే. ఇదంతా ఎందుకెత్తుకున్నానో మర్చిపోయాను. ఆఁ, గద.

నా కథలు వద్దంటే నీ కథే చెబుతాను. మనకి పదిహేడేళ్లు. నువ్వు చెరుకు నరికే ముఠాలో కొత్తగా చేరావు. పుట్టు ఎడమచేతివాడివి. అందరి కత్తులూ కుడిచేతివాళ్ల కోసం ఒకవైపే పదును తీసినవి కాబట్టి నువ్వు కొడితే కత్తి జారి చెరుకు చీలిపోయేది. అప్పుడు కమ్మరి హనుమయ్య బాబాయి నీ చెయ్యి చూసి, అవతలి వైపు పదును తీసిన కత్తి చేసిచ్చాడు. ఆ వారంలోనే నువ్వు ముందు వరసకి వచ్చేశావు. ముఠా మేస్త్రి ఊరుకోలేదు. అందరిదీ ఒక కత్తి, వీడిదొక కత్తా, ఇది కుదరదు, కుడిచెయ్యి అలవాటు చేసుకో లేదా ఇంటికి పో అన్నాడు. గుర్తుందా హనుమయ్య బాబాయి గట్టు మీద నిలబడి ఏమన్నాడో? చెరుకు మొదలు నేలబారున తెగిందా లేదా చూసుకోవయ్యా, ఏ చెయ్యి తెంపిందో నీకెందుకు అన్నాడు. నువ్వు ఆ కత్తిని గుండెకి పట్టుకుని కదలకుండా నిలబడ్డావు. మేస్త్రే తప్పుకున్నాడు.

ఆ కత్తి ఇప్పటికీ మీ వంటింటి గోడకే వేలాడుతోంది. రేపు నీళ్లు తాగడానికి లోపలికెళ్లినప్పుడు దానివంక ఓసారి చూడు. చూసి, ఇప్పుడు మేస్త్రి ఎవరో నువ్వే చెప్పు.

నీ వైపు న్యాయం అసలు లేదని నేనను. గోడ మూలకి ఇరికించి గదతో వరసగా మూడుసార్లు బాదడం తప్పే. అది మానాలని తీర్మానం పెట్టు, మొదటి ఓటు నాది. గదనే తీసెయ్యాలంటే మాత్రం ఒప్పుకోను. నేను ఆడేది జంట కత్తులతోనే, గద ఉన్నా పోయినా నాకు ఒరిగేదేమీ లేదు. అయినా ఈ ఆదివారం నాలుగింటికి గద పట్టుకునే వస్తున్నాను. ఓటింగులో నువ్వు నెగ్గితే ఉప్పుచేపతో పాటు నన్నూ గెంటేయండి. డెబ్బై ఒకటో ఏట ఓ ఆటలోంచి గెంటించుకున్నానని మా వీధంతా చెప్పుకుంటాను.

దీంతో పాటు ఇంకో కాగితం మడిచి, నాలుగువైపులా మిషను మీద కుట్టేసి పంపుతున్నాను. అది తాజా కలం. నువ్వు ఓటు వేశాకే దారం తెంపాలి. ముందే విప్పి మళ్లీ కుట్టించావో, ఉయ్యూరులో ఏ మిషను కుట్టు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నీ మీద కోపం తగ్గని,
షేక్ అలీ,
కుట్టు మిషన్ల మెకానిక్


తా.క.

దారం తెగిందంటే ఓటు పడిందనే నమ్ముతున్నాను.

ఉప్పుచేప మీ ఆవిడ.

జూలైలో చేతికి వ్యాయామాలు చేయించుకోవడానికి నెల్లాళ్లు మా ఇంట్లో ఉంది కదా. డాక్టరమ్మ ఇచ్చిన రబ్బరు బంతి నొక్కీ నొక్కీ విసుగెత్తి, నా ఫోను అడిగి తీసుకుంది. కత్తులు కుదరలేదు, ఈటె కుదరలేదు. కుడిచేతి వేళ్లు మాట వినడం లేదు. ఎడమ బొటనవేలికి గద కుదిరింది. కుదిరిన రోజు మా సయీదాని పిలిచి మరీ చూపించింది.

ఇప్పుడు నువ్వు ముందుగదిలో కూర్చుని ఆడుతుంటే, తను వంటింట్లో ఫోనుని ఉప్పు డబ్బాకి ఆనించి నీతోనే ఆడుతుంది. నువ్వు ఓడిపోయి, దొంగ వెధవ అని ఉప్పుచేపని తిట్టుకుంటూ లోపలికొచ్చి, నువ్వు లేవకు, నీవల్ల కాదు అని ఆమెతో అని టీ నువ్వే పెడతావట. అప్పటికి ఫోను కొంగు కిందకి పోతుందట.

ఆయనకి చెప్పెయ్యరాదా అమ్మా అన్నాను. జబ్బు చేసినప్పటి నుంచీ ఆయన నన్ను గ్లాసు కూడా ఎత్తనివ్వడం లేదు అన్నయ్యా, మంచివాడే, కానీ పొద్దస్తమానం జాలే, ఆ కోట గోడ మీద ఒక్కచోటే నా మీదకి పూర్తి బలంతో వస్తాడు అంది.

ఆ పేరేమిటమ్మా అనీ అడిగాను. నలభై ఏళ్లుగా ప్రతి శుక్రవారం ఉప్పుచేప పులుసు వండించుకున్నాడు, పేరు చూసైనా పోలుస్తాడనుకున్నాను, పోల్చలేదు అంది.

నువ్వు కోతి అని రాసిన రోజున ఫోన్ చేసింది. ఆ కోతిని నేనే అన్నయ్యా అని నవ్వింది. ఇక ఊరుకోను, వాడికి చెప్పేస్తానన్నాను. చెప్పండి, కానీ ఓటయ్యాక చెప్పండి, జాలి ఓటు నాకొద్దు అంది. ఈ కుట్టు అందుకే.

గ్రూపులో ఎవరి ఓటు ఎటు పడిందో పేరుతో సహా కనపడుతుంది. కాబట్టి నువ్వు ఎటు వేశావో ఆమె ఈపాటికే చూసేసింది. ఎటు వేసినా సరే, లేచి వంటింట్లోకి వెళ్లు. ఈసారి టీ ఆమెనే పెట్టమను. ఒలికితే ఒలకనీ.

రేపు నాలుగింటికి గ్రూపులో కుదరకపోతే మనం ముగ్గురమే విడిగా ఆడదాం. కావాలని ఓడిపోకు శౌరీ. ఇట్టే కనిపెట్టేస్తుంది. గద లేవగానే కుడివైపుకి దొర్లు.