తూముకి చుట్టుకున్న పీలికలు

మార్చి 3, ఆదివారం

నది శుభ్రం చేసే గ్రూపుతో మొదటిసారి వెళ్ళాను. పిలిచింది నర్సమ్మ. పోయిన నెల నా షాపులో డ్రెస్ కుట్టించుకుంది. కొలతలిస్తూ ఒకటే పోరు, మిషన్ ముందు కూర్చుని కూర్చుని నడుం బిగుసుకుపోతుంది, ఆదివారమైనా కాస్త వంగు అని. వంగాను. సీసాలు, తెగిన చెప్పులు, ఒక కుక్కర్ మూత. నడుం ఇప్పుడు నిజంగానే పట్టేసింది.

మార్చి 10, ఆదివారం

వంతెన కింది తూముకి గుడ్డపీలికలు చుట్టుకుపోయి నీళ్ళు కదలడంలేదు. అందరం లాగాం. తెగవు. ఒక ముక్క బురద కడిగి చూస్తే ఆకుపచ్చ మీద తెల్ల చుక్కలు. నర్సమ్మ డ్రెస్ గుడ్డ. దాని కింద స్కూలు యూనిఫాం నీలం. అవీ నేను కుట్టినవే.

నర్సమ్మ చూసి, అరె, నాకూ అచ్చం ఇలాంటిదే ఉందే అంది. ఎవడో టైలరు పని ఇది, దొరకనీ చెప్తా అన్నాడు మా గ్రూపులోని బస్సు డ్రైవరు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

అదే రోజు, సాయంత్రం 6

షాపులో మిగిలే పీలికల మూటలు పారెయ్యడానికి స్కూటర్ మీద తీసుకెళ్ళేది మా ఆయన. అడిగాను. మనం షాపు తెరిచేసరికి చెత్తబండి వెళ్ళిపోతుంది, మరేం చెయ్యమంటావు అన్నారు. తొమ్మిదేళ్ళుగా వంతెన మీంచి నీళ్ళలోకేనట. నువ్వెప్పుడైనా అడిగావా అని కూడా అన్నారు.

అడగలేదు. మూట గుమ్మం దాటితే చాలనుకున్నాను.

మార్చి 13

ఈ వారం మూట నా మిషన్ పక్కనే ఉంది. దానికి ఇంకోటి తోడైంది.

మార్చి 17, ఆదివారం

చెప్పేశాను. టీ తాగుతుండగా, అందరి ముందూ. మా ఆయన ఊసెత్తలేదు, మా షాపువే అన్నాను. బస్సు డ్రైవరు కప్పులో మిగిలిన టీ ఒలకబోసి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

నర్సమ్మ, డ్రెస్ మాత్రం బాగా కుట్టావే తల్లీ అంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వచ్చేవారం గుడ్డ కోసే కత్తెర పట్టుకురా, ఉత్త చేతులతో మా వల్ల కావడంలేదు అంది.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కంచంలో వేళ్ళు కదుపుతూ, నా పేరు చెప్పాల్సింది అన్నారు.

మార్చి 19

ఆరింటికే షాపు తెరిచాం. చెత్తబండి వచ్చింది, మూటలు రెండూ ఎక్కించుకుంది, పోయింది. పట్టుమని రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మార్చి 24, ఆదివారం

ఆ కత్తెరతో ఎవర్నీ కాగితం కూడా కొయ్యనివ్వను. నీళ్ళలో ముంచాను. ఆయన మోకాళ్ళలోతులో నిలబడి పీలికలు బిగించి పట్టుకున్నారు, నేను కోశాను.

తూము ఒక్కసారిగా గటగటా నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. ఇద్దరం చేతులాపి విన్నాం.