సాలుద్ అక్క చెంపలు

ఇలోయిలో

అన్సెల్మో అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. పోయిన మన సాలుద్ అక్కను నేను గీసిన బొమ్మ పంపితే, దాన్ని చూసి నూనెరంగుల్లో "అసలైన చిత్రం" వేసి చర్చి హాల్లో పెట్టిస్తావా? ఎంత దయ నీది!

నేను వాటర్‌కలర్ పెన్సిళ్లు కొన్నానంటే "ఈ వయసులో పిల్లల ఆటలేంటే?" అని నవ్వింది నువ్వే కదా. నిజమే, మొదట్లో నాకేమీ రాలేదు. పెన్సిలు గీతల మీద తడి కుంచె పెట్టగానే రంగు కరిగి, బొమ్మలో అక్క ముక్కు గడ్డం మీదికి జారింది. మంచం మీంచే చూసి, "ఒసేయ్, నాకంటే ముందు నా ముక్కు పోతోందే!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు కోసమే రోజూ గీశాను. నీళ్లు తగ్గించడం, ఆరనిచ్చి మళ్లీ గీయడం అలాగే పట్టుబడ్డాయి. చివరికి ఆమె పీక్కుపోయిన చెంపలు ఉన్నవి ఉన్నట్టు కుదిరాయి. "ఇదీ నేను" అంది.

నువ్వైతే ఆ చెంపలు నింపి, మెడలో ముత్యాలు వేసి, కింద నీ సంతకం పెద్దగా పెడతావు. అందుకే బొమ్మ పంపను.

చూడాలనుంటే మా ఇంటికి రా. బకోలోడ్ నుంచి పడవెక్కితే పూట కూడా పట్టదు. అక్క మంచాన పడి ఎదురుచూసినన్నాళ్లూ నీకు దొరకని ఆ పడవ, ఇప్పుడైనా దొరుకుతుందేమో చూసుకో.

నీ చెల్లెలు