మీసాల చేప జన

అమ్మకు ఓనుఫ్రి నమస్కరించి రాసేది. నానమ్మా నేనూ ప్రాణాలతో ఉన్నాం. మేక రెండు పిల్లల్ని ఈనింది. అంతా క్షేమం అని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. నువ్వు వంట చేసిపెట్టే హరాసిం దొర మన నోటి దగ్గరి కూడు తన్నించాడు.

ఏరు కౌలుకు తీసుకున్నాక అతని శాసనం తెలుసుగా: చేప మనది, కడుపులోని గుడ్లు, ఆ జన అంతా అతనిది. ఏటిని ఎవరు కన్నారని దొర కౌలుకు తీసుకున్నాడు? నేను చదివే కరపత్రాల్లో ఈ ప్రశ్నే ఉంది. ఇంకా చదువుతున్నావా అని అడిగావు. చదువుతున్నాను.

లాజరు శనివారానికి నానమ్మ ఉప్పులో జన పట్టిందా అన్నావు. పట్టింది. ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసంలో జన తినడానికి చెల్లేది ఆ ఒక్క రోజేగా! నేను పట్టిన పొడుగుమూతి షూకా చేప జనని, చట్రానికి బిగించిన పాత వలమీద అరచేత్తో మెల్లగా రుద్దింది. గింజలు గిన్నెలో రాలాయి, పొర వలమీద మిగిలింది. పచ్చి బంగాళాదుంప తేలేదాకా నీళ్లలో ఉప్పు కలిపి, ఆ నీళ్లు పోసి, గుడ్డలో వడగట్టింది. అప్పుడే దొర కాపలావాడు ట్రోఖిం వచ్చాడు.

"ముసలమ్మా, ఈ జన ఎవరిది?"

"చేపది. చచ్చింది, ఇంక అడగదులే."

"నాతోనా ఎకసెక్కాలు!"

"నువ్వు పుట్టినప్పుడు బొడ్డు కోసింది నేనేరా. నీతో కాక ఎవరితో ఆడమంటావు?"

వాడు గిన్నెను బూటుతో తన్నాడు. నానమ్మ మట్టిలోంచి గింజలు ఏరుకుంది. అది చూశాక నాకు ఒళ్లు తెలియలేదు.

ఇక నువ్వడిగిన అసలు సంగతి. దొరకు పంపిన పీపాలో జన ఏ చేపది అన్నావు. పైన షూకాది. అడుగున మీసాల చేపది. మన ఏటి పిల్లలకు మాటలు రాకముందే నేర్పే సంగతి, దాని జన విషమని. తెలిసే కలిపాను. దొర ముద్ర వేసిన పీపా, తనే విప్పుకుని తింటాడనుకున్నాను. వడ్డించేముందు గరిటె అడుగుదాకా దించి వంటమనిషి రుచి చూస్తుందని, ఆ వంటమనిషి మా అమ్మేనని నా బుర్రకు తట్టలేదు.

మూడు రోజులు వాంతులతో పడి ఉన్నావు. పైగా జనను చల్లగా పెట్టకపోవడం నీ తప్పేనని దొరకు చెప్పుకున్నావు. "ఏటిగట్టు మనుషులకు జన పట్టడం కూడా రాదు" అని అతిథుల ముందు నవ్వాడట. తప్పు నాదమ్మా. నీ కడుపులో చిచ్చు పెట్టినవాణ్ణి నేను. నన్ను తిట్టు, కొట్టు. అతన్ని వదలమని మాత్రం అడగకు. ఇకమీద పగ చాటుగా తీర్చుకోను, ముఖం చూపించే తీర్చుకుంటాను.

ఊళ్లో పద్దెనిమిది పడవలవాళ్లూ మాట ఇచ్చారు. జన ఒక్క గింజ కూడా పంపం. ఈస్టర్ మర్నాడు సోమవారం అందరం వలలు వేసి, రేవులోనే, ట్రోఖిం కళ్లెదుటే జన పడతాం. పీపాలో ఏం కలిపానో అందరి ముందూ నేనే చెబుతాను. నీ చేతికి అంటిన మచ్చ నాతోనే పోవాలి. నానమ్మ చట్రం తెస్తుంది. మొదటి చెంచా నేను తింటాను, రెండోది నీకు.

దొర గుమ్మం దిగి వచ్చెయ్యి. సోమవారం పొద్దున సరిగ్గా ఆరింటికి, పడవల రేవు దగ్గర.

ఇట్లు,
నీ చేతి దెబ్బకు వీపు సిద్ధం చేసుకున్న నీ కొడుకు
ఓనుఫ్రి