మీరు చూస్తనన్న లైబ్రరీ

గోదావరిఖని,
12 మే 2025.

గౌరవనీయులైన రాజకుమారి మేడం గారికి,

మీ విద్యార్థిని సుజిత నమస్కారాలు. ఈ ఎండలకు హన్మకొండల మీరు, సారు ఎట్ల ఉన్నరో. ఇక్కడ ఇంటిల్లిపాది బాగున్నం. నా మనసొక్కటే బాగలేదు.

లైబ్రరీ సైన్సు మాస్టర్స్‌కు కావాల్సినవన్నీ నావి దాదాపు అయినయి మేడం. పేపర్లన్నీ పాసైన. మంచిర్యాలల ఇంటర్న్‌షిప్ చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్న. ఇగ మిగిలింది డిసర్టేషన్ మీద మీ సంతకం, ఆ తర్వాత వైవా. మా కాలనీ రీడింగ్ రూంకు ఎవరొస్తరు, ఏం చదువుతరన్నదే నా అంశం గద. సంతకం పెట్టేముందు ఒకసారొచ్చి ఆ లైబ్రరీ చూస్తనని మీరు ఫోన్ల అన్నప్పటి సంది నాకు అన్నం సయిస్తలేదు.

బాబు పుట్టినప్పుడు చదువు ఆపిన. ఈసారి తప్పిందంటే గడువు అయిపోతది, మళ్ల మొదటి నుంచి చేరాలె. మా ఆయన డానీ ఫస్టు షిఫ్టుకు పోతపోత, గంత ఫికర్ ఎందుకు, మేడంను రానియ్యి, బస్టాండుకు నేనే బండి తెస్తనంటడు. మా అత్త సుగుణమణి అయితే మీకు చేపల పులుసు పెడతనని సంబురపడుతున్నది. నేనే ఇప్పుడే వద్దంటున్న.

ఇక్కడ ఎండ నిప్పులు చెరుగుతున్నది మేడం. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిల బ్లాస్టింగ్ అయినంక దుబ్బ లేస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవాలె. అసలే మీకు ఆయాసం. వానలు పడ్డంక వస్తే మంచిగుంటదేమో.

డిసర్టేషన్ కోసం చేసిన సర్వేల మాత్రం ఒక్క జవాబు గూడ నేను కల్పించలే. బొగ్గుబాయిల పని చేసి రిటైరైన ఆగయ్య కాకను ఎందుకొస్తవు కాకా అని అడిగిన. ఇంట్ల అందరు ఫోన్లల్ల తలకాయ పెడతరు, ఇక్కడ పేపరు సదివి ఏమన్న అంటే మళ్ల జవాబిచ్చేటోళ్లు ఉంటరన్నడు. కానిస్టేబుల్ పరీక్షకు చదివే యమున, కావాల్సిన పుస్తకాలు రాయమంటే చోటు సాలక కాగితం వెనక గూడ రాసింది. మీ మేడం ఒప్పుకున్నదా అని ఇద్దరు రోజూ అడుగుతున్నరు. ఏం చెప్పాలె?

మీ జవాబు కోసం చూస్త.

ఇట్లు,
మీ విద్యార్థిని
సుజిత

తా.క.: ఉత్తరం మడిచిన గానీ కవర్ల పెట్టబుద్ధి అయితలేదు. నిజం చెప్తున్న మేడం. రీడింగ్ రూం ఇప్పుడు లేదు. పాత గోడలు పగుళ్లిచ్చినయి, కూలుతదేమోనని పోయిన చలికాలమే కంపెనీవోళ్లు తాళం వేసిన్రు. పుస్తకాలు ఏమైతయని అడిగితే, ఉంచుకుంటే ఉంచుకోమన్నరు. కాక, యమున, నేను సంచులల్ల మోసుకొచ్చి మా వరండాల పెట్టినం. అత్త తన మంచం లోపలికి జరుపుకొని జాగ ఇచ్చింది. నా సర్వే అంత ఆ వరండాలనే అయింది. డిసర్టేషన్ల మాత్రం భయానికి రీడింగ్ రూం అనే రాసిన.

మీరు వస్తే మా ఇంటికే రావాలె. దీన్ని లైబ్రరీ అనొచ్చో అనొద్దో మీరే చెప్పాలె. కాదంటే నా డిగ్రీ పోతది, ఏడుస్తనేమో గూడ. కానీ పొద్దుగాల పేపరు పడంగనే కాక వచ్చి మెట్ల మీద కూసుంటడు. పోయి తలుపు తియ్యాలె గద మేడం.