డక్ట్‌లో ఝుణా మసి

సరోజా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఇవాళ నీ గదిలో ఏసీ డక్ట్ శుభ్రం చేయించాను. మెకానిక్ జిగురు మసి పట్టిన గుడ్డ చూపించాడు.

"ఇది దుమ్ము కాదు బాబూ, ఝుణా పొగ. తలుపులేసి ఏసేవోరా? ఏసీ దాన్నే తిప్పి తిప్పి గదిలోకి కొట్టింది."

ఝుణా, అదే మన గుగ్గిలం, పొగకు గాలి శుద్ధి అవుతుందని పక్కింటి మౌసీ చెబితే, నీ ఆయాసం తగ్గాలని రోజూ సాయంత్రం ఝుణా వేసింది నేనే. పొగ బయటికి పోకూడదని కిటికీ మూసిందీ నేనే.

"కిటికీ తియ్యండి, ఊపిరాడ్డం నేదు" అనేదానివి. గోపాలపూర్ సముద్రపు గాలి నీకు పడదని కసిరేవాణ్ణి.

మెకానిక్ మందు కొట్టి, ఏసీ వేశాడు. "గట్టిగా పీల్చి సూడండి బాబూ, ఎంత బాగుందో."

పీల్చలేకపోయాను. లేచి వెళ్లి కిటికీ తీశాను.